అమ్మ పేరుతో ఎవరో లోపలికొచ్చారు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమేనని తలుస్తున్నాను. ఈ మాట లేకుండా ఉత్తరం మొదలుపెడితే నువ్వు కంగారుపడతావని రాశాను కానీ, దీన్ని నూటికి నూరుపాళ్ళూ నమ్మకు. అలాగని చివరి పేజీకి గెంతకు. కథ ముగింపు ముందే చదివేసే దరిద్రపు అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ ఒక్కసారికి వరసగా చదువు.

మెయిలు ఎందుకు పంపలేదంటావేమో. మీ ఓడలో అందరికీ కలిపి ఒకటే మెయిలు పేరని, ఎవరికొచ్చినా అందరూ చదువుతారని నువ్వే రాశావు. మీ వంటాయన నిన్ను ఆపి మరీ "మీ బావగారి మోకాలు ఎలా ఉంది?" అని అడిగాడంటే కడుపుబ్బ నవ్వుకున్నాం. ఈసారి సంగతులు ఆయనకు తెలియనక్కర్లేదు. అందుకే కాగితం, కలం. మీ కంపెనీ వాళ్ళు వచ్చే రేవులో నీకు అందేలా చూస్తామన్నారు.

నీ ప్రశ్నలకు వస్తాను. మీ బావ మోకాలు ఫరవాలేదు. మళ్ళీ బస్సు నడుపుతున్నారు. ఇంట్లో మెట్లెక్కేటప్పుడు మాత్రం ఈ ఇల్లు చూసింది నేనని గుర్తొచ్చి నన్ను తిడతారు, దిగేటప్పుడు మరిచిపోతారు. నీ మేనకోడలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఫోటో తీయబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది.

అమ్మ ఎందుకు తన చేత్తో రాయడం లేదు, మీరిద్దరూ మళ్ళీ పోట్లాడుకున్నారా అని అడిగావు. పోట్లాడుకోలేదు. దానికి తరవాత వస్తాను.

నేను టీవీలు బాగుచేస్తానని మీ ఇంజను గదిలో చెప్పావట! నీ నోట్లో నా ఉద్యోగం పడితే అంతేరా. సరిగ్గా విను, ఈ ఉత్తరం అర్థం కావడానికి అది తెలియాలి. మా రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టుల ప్రోగ్రామంతా ఒకే పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. అది సర్వర్. టైపింగ్ గదిలో బల్లల మీదున్నవి ఉత్త కిటికీలనుకో. అక్కడ కూర్చుని పేరు, పాస్‌వర్డు కొడితే సర్వర్లో మనకంటూ ఒక గది తెరుచుకుంటుంది. దాన్ని సెషన్ అంటాం. నాలాంటి వాళ్ళు ఇద్దరు లోపలికెళ్ళి మరమ్మతు చేసుకోవడానికైతే సర్వర్ ఊరికే రానిస్తుంది. అంతకన్నా ఎక్కువమంది ఒకేసారి వచ్చి పనిచేయాలంటే విడిగా ఏర్పాటు చేసి, లైసెన్సులు తీసుకుని, ఎవరెవరు రావచ్చో పేర్లు చేర్చాలి. ఆ పనంతా నాది.

మొన్నమొన్నటి దాకా టైపింగ్ గది మొత్తానికి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. దాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించారు కూడా! మీ ఓడ మెయిలుకి మేమేమీ తీసిపోలేదు. టెక్నీషియన్లు చేత్తో రాసిచ్చే చీటీల్లోని అంకెల్ని టైపిస్టులు కొడతారు, డాక్టరు చూసి సంతకం పెడితే రిపోర్టు రోగికి వెళ్ళిపోతుంది. ఎవరు కొట్టారన్నది ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

ఆ గదిలో అమ్మను 'ఎక్స్‌ప్రెస్ అక్క' అంటారని నీకు తెలుసుగా. అమ్మ చీటీ వంక ఒక్కసారి చూసి తెర వంక తిరిగేలోగా అంకెలు పడిపోయేవి. నేను ఆ ఆఫీసులో చేరిన రోజున గదిగదికీ తిప్పి, "మా అమ్మాయి, సర్వర్ మొత్తం దీని చేతిలోనే ఉంటుంది," అని చెప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పోయిన నెల మా మేనేజరు పిలిచి, "ఇకమీదట ప్రతి రిపోర్టు కిందా టైపు చేసినవాళ్ళ పేరుండాలట. తనిఖీ వాళ్ళు పట్టుబట్టారు. డాక్టర్లు ఇంటి నుంచే సంతకాలు పెట్టేలా కూడా చూడండి," అన్నారు. నాకంతకన్నా కావాల్సిందేముంది! ఆ గోడ మీది కాగితాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మనిషికో పేరు పెట్టాను. ఒక పేరుకి ఒకే గది అని బిగించాను. అంటే, అదే పేరుతో ఇంకో బల్ల నుంచి వస్తే మొదటి బల్ల మీద తెర మూసుకుపోతుంది. అక్కడ తెరిచి ఉన్న పని ఉన్నదున్నట్టు రెండో బల్ల మీదికి వస్తుంది. ఎవరు ఏ కంప్యూటర్ నుంచి ఎప్పుడు వచ్చారో సర్వర్ రికార్డు చేసుకుంటుంది. అన్నీ అయ్యాక కాగితాన్ని నా చేత్తోనే చింపి బుట్టలో వేశాను.

గదిలో ఒక్కరూ శభాష్ అనలేదు. అమ్మ పక్క బల్ల పొడుగావిడ మాత్రం, "ఇదివరకు బాగానే జరిగిపోతోంది కదమ్మాయ్, ఇప్పుడివన్నీ ఎందుకు?" అంది. పాత అలవాటు వదలని మనిషి అనుకున్నాను. అమ్మ నావైపు ఓరగా చూసి, "బాగా చేశావే," అంది. కొన్ని నెలలుగా అమ్మ మనిషిని నేరుగా చూడదు. తల పక్కకి తిప్పి, కోడి గింజను చూసినట్టు చూస్తుంది. "ఎవరి మీద అలిగావమ్మా?" అని ఆటపట్టించేదాన్ని. "నీ మీదే," అని నవ్వేది.

వారం తిరక్కుండా సర్వర్ రికార్డుల్లో ఒక సంగతి నా కంటపడింది. అమ్మ పేరుతో, అమ్మ బల్ల నుంచి కాకుండా, కిటికీ పక్కనున్న బల్ల నుంచి ఎవరో లోపలికొస్తున్నారు. పొద్దున ఒకసారి, భోజనాల వేళ ఇంకోసారి, సాయంత్రం మళ్ళీ. వెనక్కి వెళ్ళి చూస్తే మొదటి రోజు నుంచీ ఉంది. ఆ కిటికీ పక్క బల్ల పొడుగావిడది.

ఒకరి పేరు ఇంకొకరి చేతిలో ఉంటే ఏం చేయొచ్చో నాకన్నా ఎవరికి తెలుసు? ఎవరి రిపోర్టులోనో అంకె మార్చి నెమ్మదిగా తప్పుకోవచ్చు. మాట పడేది అమ్మ. ఇన్నేళ్ళ ఉద్యోగానికి మచ్చ పడేది అమ్మకి. అమ్మని అడుగుదామా అనుకున్నాను. అడిగితే బెంబేలెత్తిపోతుంది, తిండి మానేస్తుంది, పైగా పొడుగావిడతో పాతికేళ్ళ స్నేహం. అందుకని అడగలేదు. అడిగి ఉంటే అక్కడితో అయిపోయేదిరా.

దానికి బదులు టీ వేళకి పొడుగావిడ దగ్గరికెళ్ళి, "మా అమ్మ పేరుతో మీ కంప్యూటర్ నుంచి ఎవరో లోపలికొస్తున్నారు. మీకేమైనా తెలుసా?" అన్నాను. నవ్వుతూనే అడిగాను కానీ నా నవ్వు ఎలా ఉందో నాకు తెలుసు.

ఆవిడ ముఖం పాలిపోయింది. "మీ మిషన్లు ఏం చూపిస్తాయో నాకేం తెలుసమ్మాయ్," అని టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది. దొంగ దొరికింది అనుకున్నాను. మన ఇంట్లో భోజనం చేసిన మనిషి, నాన్న పోయినప్పుడు అమ్మ పక్కనే పడుకున్న మనిషి, ఆవిడా ఇలాంటిది అని పళ్ళు నూరుకున్నాను. ఆ సాయంత్రమే అమ్మ పేరు అమ్మ బల్ల మీది కంప్యూటర్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ తెరుచుకోకుండా కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున నా గదిలో కూర్చుని రికార్డు చూస్తున్నాను. కిటికీ పక్క బల్ల నుంచి అమ్మ పేరుతో ప్రయత్నం, సర్వర్ కాదు పొమ్మంది. మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ కాదు పొమ్మంది. 'తట్టుకో తల్లీ, తలుపు తెరుచుకోదు' అని నాలో నేనే అనుకున్నాను. అంత సంతోషం! ఇక ఆవిడ అమ్మ బల్ల దగ్గరికే వచ్చి ఏదో చేస్తుంది, అప్పుడు కళ్ళారా పట్టుకోవాలని అమ్మ తెరను నా గదిలోంచి చూడటం మొదలుపెట్టాను. ఆ వీలు నాకుంది. మామూలుగా అయితే చూసేముందు అవతలివాళ్ళ అనుమతి అడుగుతుంది. ఆ అడగడాన్ని ఆ రోజు తీసేశాను. చేయకూడని పనే, చేశాను.

తెర మీద అమ్మ గది తెరిచి ఉంది. బాణం గుర్తు ఆ మూల నుంచి ఈ మూలకి తచ్చాడుతోంది. రోగి పేరు కొట్టడానికి ఎంతసేపు పట్టిందో! ఒక అక్షరం పడుతుంది, ఆగుతుంది, చెరుపుతుంది. మొదట ఇది అమ్మ కాదనే అనుకున్నాను. అమ్మ కుర్చీలో ఎవరో చేతకానివాళ్ళు కూర్చున్నారనుకున్నాను.

ఆ రోగి రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. కొట్టాల్సింది రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే అంకె. తెర మీద 1.2 పడింది. చెరిపింది. 7.2 పడింది. చాలాసేపు అలాగే ఉంది. మళ్ళీ చెరిపి 1.2 కొట్టింది. నాకు వైద్యం రాకపోయినా ఇన్నాళ్ళు ఆ ల్యాబ్‌లో ఉండి ఈ మాత్రం తెలుసు. 1.2 అయితే డాక్టరు మందు పెంచమంటాడు. నిజంగా 7.2 ఉన్న మనిషికి మందు పెంచితే రక్తం ఆగదు, ప్రాణం పోతుంది.

నేను చూస్తుండగానే 'పంపు' అన్న మీట నొక్కింది. రిపోర్టు డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఫోను అందుకుని టైపింగ్ గదికి కొట్టాను. పొడుగావిడ ఎత్తింది. "అమ్మ చేతిలో చీటీ ఉంది, దాని మీద అంకె చూసి చెప్పండి, త్వరగా!" అన్నాను. అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఏడు పాయింట్ రెండు. ఏమైందమ్మాయ్?" అంది.

మా డాక్టరుగారు ఇంటి నుంచి సర్వర్లోకి వచ్చి ఉన్నారు. ఆయన గుట్టగా ఉన్న రిపోర్టులన్నీ ఎంచుకుని ఒక్క దెబ్బతో సంతకం కొట్టే మనిషి. నేనే ఆయనకు ఆ వెసులుబాటు చేసిపెట్టాను. ఫోను చేస్తే ఎత్తేలోగా పుణ్యకాలం గడిచిపోతుంది. జాబితాలో ఆయన పేరు వెతికి పట్టుకుని, ఏం చేస్తున్నారో కూడా చూడకుండా, ఆయన సెషన్‌ను మధ్యలో తెంపేశాను.

వెంటనే ఫోను మోగింది. "ఎవరమ్మా నన్ను బయటికి గెంటింది?"

"నేనే సార్. ఒక అంకె తప్పు పడింది. మీ సంతకం పడిందా?"

"ఎక్కడ పడనిచ్చారు? నొక్కబోతుంటే తెర నల్లబడింది!"

హమ్మయ్య అనుకుని ఫోను ఆయన మాట్లాడుతుండగానే పెట్టేశాను. ఆ రిపోర్టును ఆపేసి టైపింగ్ గదికి పరిగెత్తాను.

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదురా. అమ్మ తన కుర్చీలోనే ఉంది. చీటీని ఎదురుగా కాదు, చెవి దగ్గరికి పక్కగా పట్టుకుని, తల తిప్పి ఓరకంట చూస్తోంది. పొడుగావిడ వెనక నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. నన్ను చూడగానే విరుచుకుపడింది.

"ఇక దాచడం నా వల్ల కాదక్కా. విన్నావా అమ్మాయ్, మీ అమ్మ చీటీలు ఏడాదిగా నేనే కొడుతున్నాను. అందరిదీ ఒకటే పేరైనప్పుడు ఎవరు కొట్టినా ఒకటే, ఇబ్బంది లేదు. నువ్వు పేర్లు విడదీశాక తన పాస్‌వర్డు నాకు చెప్పింది. నిన్న నువ్వు అదీ మూసేశావు. నేను దొంగనా? అడుగు, మీ అమ్మనే అడుగు!"

"దాన్నేమీ అనకే. నేనే బతిమాలాను," అంది అమ్మ. "మధ్యలో మచ్చలాగా అడ్డొస్తుంది. దేన్ని చూద్దామనుకుంటే అదే కనబడదు, దాని పక్కనున్నవి కనబడతాయి. కళ్ళజోడు మారిస్తే పోతుందనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఉద్యోగం మాన్పిస్తావు. మాన్పిస్తావా లేదా?"

మాన్పించేదాన్నే. నీ మీద అలిగాను అంటూ ఓరగా చూసిన ప్రతిసారీ అమ్మ నా ముఖం కోసం వెతుక్కుంటోందని నాకు తెలియలేదురా. పక్కనే ఉండి, ఒకే బల్ల దగ్గర తింటూ, తెలియలేదు.

డాక్టరు ఊరుకోలేదు. మేనేజరు రికార్డు తెమ్మన్నారు. ఆ తప్పు అంకె పక్కన అమ్మ పేరు స్పష్టంగా ఉంది. దాన్ని తుడిచెయ్యడం నాకు చిటికెలో పని, ఎవరూ కనిపెట్టలేరు. తుడిచెయ్యాలనిపించింది. చేతిని మౌస్ మీదే పెట్టుకుని కూర్చున్నాను. వెనక నుంచి గోడ పట్టుకుంటూ అమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో నా సర్వర్ గదికి రావడం అదే మొదటిసారి.

"అబ్బ, ఇక్కడేంటే ఇంత చలి! ఎలా కూర్చుంటావు?" అంది. తరవాత, "నా పేరే ఉంది కదా అందులో?" అంది.

"ఉంది."

"ఉండనీ. తుడిచావంటే ఊరుకోను. ఎక్కడ ఆ మేనేజరు?"

మేనేజరు ముందు కూర్చోకుండా నిలబడే చెప్పింది. "ఇన్నేళ్ళు కొట్టినవాటి కింద నా పేరు లేదు సార్. పేరు పడ్డాక మొదటి తప్పు ఇది. నాదే. పక్కావిడకి గానీ మా అమ్మాయికి గానీ అంటగట్టకండి. రేపటి నుంచి రాను." ఆయన లేచి నిలబడి, "ఆటో పిలిపించమంటారా?" అని మాత్రం అడిగారు. అమ్మ వద్దంది.

కళ్ళ డాక్టరుకి చూపించాం. ఎడమ కన్ను చేయి దాటిపోయిందట. కుడి కంట్లో ఉన్న చూపు పోకుండా ఆపడానికి కంట్లోకే సూదిమందు ఇవ్వాలి. ఒక్కసారితో అయిపోదు, ఇస్తూనే ఉండాలి. నిలుస్తుందని గట్టిగా చెప్పలేనన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే అదీ ఉండేది కాదన్నాడు. ఒక సూది అయింది. "కంట్లో పొడిపించుకుని కూడా ఫీజు ఇచ్చి రావాలా?" అని అమ్మ వాళ్ళతో జోకులు. బయటికొచ్చాక నా చెయ్యి వదల్లేదు.

పొడుగావిడ కాళ్ళ మీద పడినంత పని చేశాను. క్షమించింది, కానీ మునుపటిలా 'అమ్మాయ్' అనడం లేదు. నేను ఆ తాళం బిగించకపోతే అమ్మకు రెండో కన్నూ పోయేదని మీ బావ అంటారు. ఆ రోజు నేను తెర చూస్తూ ఉండకపోతే ఒక మనిషి చచ్చిపోయేవాడు, అది నేను బిగించిన తాళం వల్లే అయ్యేది. రెండూ నిజమే కదరా. నాకు ఎటూ మనసు కుదుటపడటం లేదు.

ఇక నీకు చెప్పవలసింది. ఆసుపత్రి మెట్ల మీదే అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "వాడికి మాత్రం చెప్పకు. నడిసముద్రంలో ఇంజను ముందు నిలబడి నా కళ్ళ గురించి ఆలోచిస్తే చెయ్యి ఎక్కడ పెడతాడో ఏమో! వాడొచ్చేదాకా నాకు చూపు ఉంటుందిలే," అంది. నీ మీదే ఒట్టేశాను. ఆ ఒట్టు ఇప్పుడు గట్టు మీద పెట్టాను. ఒకరి పేరు చాటున ఇంకొకరు దాచిపెట్టడం మన ఇంట్లో ఇక చాలు. నాకు భయంగా ఉందిరా. నువ్వొచ్చేసరికి అమ్మకి నీ ముఖం బదులు నీ చెవులే కనబడతాయేమోనని భయం. వచ్చే రేవులో సెలవు దొరుకుతుందేమో అడుగు. దొరక్కపోతే ఇంజను దగ్గర జాగ్రత్తగా ఉండు, నా మాట వినైనా.

సర్వర్లోంచి అమ్మ పేరు తీసెయ్యమని మేనేజరు చెప్పారు. ఉద్యోగం మానినవాళ్ళ పేరు ఉంచకూడదన్నది నేను పెట్టిన నియమమే. రోజూ పొద్దున్నే జాబితా తెరుస్తాను, చూస్తాను, మూసేస్తాను.

ఇంతవరకు రాసేసరికి అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఎవరికే? తమ్ముడికా? ఇన్ని పేజీలా?" అని కాగితాలు చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్క పేజీ తిప్పింది. తల పక్కకి వంచి, ఓరగా, చదువుతున్నట్టే చూసింది. మూడో పేజీ తలకిందులుగా పట్టుకుంది.

"అన్నీ రాశావా?" అంది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అన్నీ రాశానమ్మా," అన్నాను.

"నేను చెప్పొద్దన్నది కూడానా?" అంది. అవునన్నాను. కాగితాలు బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "సరే. కలం ఇలా ఇవ్వు. ఎక్కడ రాయాలో నా వేలు పెట్టించు," అంది.

వేలు పెట్టించాను. కింద నా పేరు తరవాత ఉన్న మాట చూడు. గీత దాటి పైకి పోయింది, రెండక్షరాలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తన చేత్తో ఎందుకు రాయడం లేదని అడిగావు కదా. అది తను రాసిందే, నేను చెయ్యి పట్టుకోలేదు.

ఇట్లు,
నీ చెవి మెలిపెట్టే హక్కు ఇంకా వదులుకోని
అక్క

అమ్మ